అంతర్జాతీయ న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్

న్యాయవాది తన కక్షిదారుని పక్షమున వాదించుట వృత్తిధర్మము. తీర్పు వెలువడినంతనే ఆ వాదము కాగితపు కట్టలలో కలిసి మరుగుపడుట లోకసహజము. కాని హాలెండు దేశమున ఇరువదియొక్క యేండ్ల యువకుడొకడు ఒక వర్తక సంఘము కోరికపై వ్రాయ నారంభించిన వాదపత్రము అట్లు మరుగుపడలేదు. నాలుగువందల యేండ్లు గడచినను, సముద్రము ఎవరి సొత్తు అను ప్రశ్న లేచినప్పుడెల్ల న్యాయవేత్తలు ఆ వ్రాతను తలచుకొనుచునే యున్నారు. ఆ యువకుని పేరు హుగో డ గ్రోట్. విద్వాంసులు తమ పేరులను లాటిను భాషలోనికి మార్చుకొనుట ఆ కాలపు మర్యాద యగుటచే ఆయన హ్యూగో గ్రోషియస్ అను నామముననే లోకమునకు పరిచితుడయ్యెను.

అంతర్జాతీయ న్యాయశాస్త్రమునకు పితామహుడని ఆయనను పిలుచుట పరిపాటి. స్పెయిను దేశీయుడగు విటోరియా, ఇటలీనుండి ఇంగ్లండు చేరిన జెంటిలి ఆయనకు ముందే ఈ మార్గమున నడచినవారు కావున ఆ బిరుదమును కొంత సవరించి గ్రహింపవలెను. ఐనను రాజ్యములు యుద్ధమునందును శాంతియందును పరస్పరము పాటింపవలసిన ధర్మములను ఒక్కచో కూర్చి శాస్త్రరూపము నొసగిన ఘనత ఆయనదే. అట్టి ధర్మవేత్తకు స్వదేశమున ధర్మము లభింపకపోవుట ఆయన చరిత్రలోని విషాదము.

క్రీ.శ. 1583వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన, ఈస్టర్ పండుగనాడు, డెల్ఫ్ట్ నగరమున గ్రోషియస్ జన్మించెను. తండ్రి యాన్ డ గ్రోట్ ఆ నగరమునకు అధ్యక్షత వహించినవాడు, లైడెన్ విశ్వవిద్యాలయ పాలకులలో ఒకడు, స్వయముగా విద్వాంసుడు. అప్పటికి పదునైదేండ్లుగా హాలెండు మున్నగు రాష్ట్రములు స్పెయిను రాజుపై తిరుగుబాటు సాగించుచుండెను. శిశువునకు ఏడాది నిండిన కొలదికాలమునకే, 1584 జూలైలో, ఆ తిరుగుబాటునకు నాయకుడగు విలియం ప్రభువు అదే డెల్ఫ్ట్ నగరమున హంతకుని తుపాకికి బలి యయ్యెను. యుద్ధము మొదలైన పిదప పుట్టి, యుద్ధము ముగియకముందే మరణించిన తరమువాడు గ్రోషియస్. శాంతిని గూర్చి ఆయన వ్రాసినదంతయు యుద్ధము నడుమ వ్రాసినదే.

బాలుని ప్రజ్ఞ అసాధారణమైనది. ఎనిమిదవ యేట లాటిను పద్యములల్లెను. పదునొకండవ యేట లైడెన్ విశ్వవిద్యాలయమున ప్రవేశించి, ఐరోపాలో ఆనాడు మహాపండితుడని పేరొందిన జోసెఫ్ స్కాలిజర్ అండన ప్రాచీన గ్రంథములను అభ్యసించెను. 1598లో హాలెండు రాష్ట్రమునకు ప్రధాన రాజనీతిజ్ఞుడగు ఓల్డెన్‌బార్నెవెల్ట్ ఫ్రాన్సు రాజగు నాలుగవ హెన్రీ కొలువునకు రాయబారమేగుచు ఈ పదునైదేండ్ల బాలుని వెంటబెట్టుకొని పోయెను. రాజు బాలుని చూచి హాలెండు దేశపు అద్భుతమని మెచ్చుకొనెనట. ఆ ప్రయాణమునందే ఆర్లియాన్స్ విశ్వవిద్యాలయమువారు న్యాయశాస్త్రమున డాక్టరు పట్టము నొసగిరి. మరుసటి యేట హేగ్ నగరపు న్యాయస్థానమున న్యాయవాదిగా చేరునప్పటికి ఆయన వయస్సు పదునారేండ్లు మాత్రమే. 1601లో హాలెండు రాష్ట్రసభ తన స్వాతంత్ర్య సమరచరిత్రను లాటినులో వ్రాయు పనికి ఆయనను నియమించెను.

ఇక ఆయన జీవితమును మలుపుత్రిప్పిన వ్యాజ్యము వినదగినది. మన తెలుగువారు బుడతకీచులని పిలిచిన పోర్చుగీసువారు నూరేండ్లుగా తూర్పు సముద్రములు తమవే యని చాటుచుండిరి. 1494లో స్పెయినుతో చేసికొన్న టోర్డెసిల్లాస్ ఒడంబడికయు, పోపు ఇచ్చిన అధికారపత్రములును వారికి ఆధారములు. 1580 నుండి పోర్చుగలు సింహాసనము స్పెయిను రాజునకే సంక్రమించుటచే డచ్చివారికి వారు శత్రువులైరి. 1602లో డచ్చి వర్తకులు తమ చిన్నచిన్న సంఘములను కలిపి తూర్పిండియా సంఘమును స్థాపించిరి. 1603 ఫిబ్రవరి 25న, సింగపూరు జలసంధి చెంత, హీమ్‌స్కెర్క్ అను డచ్చి నౌకానాయకుడు మకావునుండి మలక్కాకు పోవుచున్న శాంటా కాతరీనా అను పోర్చుగీసు ఓడను పట్టుకొనెను. ఆ ఓడలోని చీనాపట్టులు, పింగాణీ పాత్రలు, కస్తూరి మొదలగు సరకులను ఆమ్‌స్టర్‌డామ్ నగరమున వేలము వేయగా 30 లక్షల గిల్డర్లకు మించిన సొమ్ము వచ్చెను.

సొమ్ము వచ్చినది గాని సందేహము తీరలేదు. వర్తకము చేయ బయలుదేరిన నావికునికి పరుల ఓడను పట్టుకొను అధికారమెక్కడిది? నౌకాధికారుల న్యాయసభ 1604లో అది ధర్మబద్ధమైన పట్టుబడియే యని నిర్ణయించెను. ఐనను సంఘమున వాటాదారులైన కొందరు మెనొనైట్ శాఖవారు, ఆయుధము పట్టుట పాపమని నమ్మువారగుటచే, అట్టి లాభమునందు పాలుగొనుటకు సమ్మతింపరైరి. అట్టివారి సందేహమును తీర్చుటకును, సంఘము చేసిన పనిని సమర్థించుటకును యువన్యాయవాదియగు గ్రోషియస్‌ను కోరిరి. ఆయన చిన్న వాదపత్రముతో తృప్తి చెందలేదు. యుద్ధమున పట్టుబడిన సొత్తును గూర్చి మూలసూత్రములనుండి మొదలిడి ఒక పెద్ద వ్యాఖ్యానగ్రంథమునే రచించెను. న్యాయస్థానములు లేనిచోట ప్రకృతి సిద్ధమగు ధర్మమే న్యాయస్థానమనియు, తనకు జరిగిన అపకారమును తాను చక్కబెట్టుకొను హక్కు అచ్చట వ్యక్తికిని కలదనియు ఆయన వాదము. 1601లో మకావునందు పోర్చుగీసువారు డచ్చి నావికులను ఉరితీసిన సంగతిని ఇందులకు నిదర్శనముగా చూపెను.

ఆ గ్రంథము నాడు అచ్చుపడలేదు. అందలి 12వ ప్రకరణము మాత్రము 1609లో స్వేచ్ఛాసముద్రము అను అర్థమిచ్చు మారె లిబెరుమ్ అను పేరుతో, గ్రంథకర్త నామము లేకుండ, చిన్న పొత్తముగా వెలువడెను. అదే సంవత్సరము స్పెయినుతో పండ్రెండేండ్ల యుద్ధవిరామ సంధి కుదురుచుండెను. తూర్పుదేశపు వర్తకమును విడనాడుడని స్పెయినువారు కోరుచుండిరి. అందులకు సమాధానమే ఈ పొత్తము.

అందలి వాదసరణి సులభగ్రాహ్యము. ఒకడు ఆక్రమించి అనుభవించుటకు వీలైనదే సొత్తు కాగలదు. పొలమునకు గట్టు వేయవచ్చును, ఇంటికి గోడ కట్టవచ్చును, సముద్రమునకు వేయుటెట్లు? ఒకని ఓడ సాగిపోయినంత మాత్రమున నీరు అరుగదు, తరుగదు. వెనుక వచ్చువానికి దారి అట్లే యుండును. వాయువు వలెనే సముద్రమును సర్వజనుల సామాన్యానుభవమునకు ఉద్దేశింపబడినది. కావున అందు ప్రయాణించు హక్కును, దూరదేశములతో వర్తకము చేయు హక్కును ఏ రాజును అడ్డగింపజాలడు.

మనవారికి మరింత ఆసక్తి గొల్పునది ఆ పొత్తమునందలి మరియొక భాగము. తూర్పుదేశములను తాము కనుగొంటిమను పోర్చుగీసువారి మాటను గ్రోషియస్ త్రోసివైచెను. ఈ దేశములకు వారు రాకముందే ఇచ్చటి ప్రజలకు రాజులుండిరి, శాసనములుండెను, ఆస్తిహక్కులుండెను. క్రైస్తవులు కానంత మాత్రమున వారి రాజ్యమును గాని సొత్తును గాని హరించు అధికారము పోపునకు గాని మరెవ్వరికి గాని లేదు. విటోరియా అమెరికా ఆదివాసుల విషయమున చెప్పిన సూత్రమును ఈయన మన తూర్పుదేశములకు అన్వయించెను. అది కక్షిదారునకు లాభకరమగు వాదమే. ఐనను వాదము న్యాయమైనదే.

ఆ కక్షిదారులు తెలుగుదేశమునకు అపరిచితులు కారు. ఈ గ్రంథము వ్రాయబడుచున్న దినములలోనే, 1605-06 సంవత్సరముల ప్రాంతమున, డచ్చి సంఘమువారు గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్టణమున దిగి కోఠీ పెట్టిరి. నిజాంపట్టణమునను వారి వర్తకము సాగెను. తెలుగునేత కార్మికులు నేసిన వస్త్రములను తూర్పు దీవులకు కొనిపోయి సుగంధద్రవ్యములకు మారకము వేయుట వారి వ్యాపారపు కీలకము. మచిలీపట్టణమునను భీమునిపట్టణమునను వారి సమాధులు ఉన్నవి.

సముద్రవర్తకునకు అభయమిచ్చు ధర్మము గ్రోషియస్‌తో పుట్టినది కాదని కూడ తెలుగువారు స్మరింపదగును. ఆయనకు మూడు శతాబ్దములకు మించిన పూర్వమే, 1244-45లో, కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున అభయశాసనమును వేయించెను. తుపానువలన ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు హరించుచుండగా, ఆ పద్ధతిని మాన్పి, ముప్పదింట ఒక వంతు సుంకము తప్ప మరేమియు గ్రహింపమని ఆ శాసనమున ప్రకటించెను. మద్రాసు విశ్వవిద్యాలయమున అంతర్జాతీయ న్యాయశాస్త్రమును బోధించిన అలెగ్జాండ్రోవిచ్ పండితుడు 1967లో వెలువరించిన గ్రంథమున, ఆసియా సముద్రములలో తరతరములుగా నెలకొన్న స్వేచ్ఛా వర్తకాచారమే గ్రోషియస్ వాదమునకు బలము చేకూర్చినదని ప్రతిపాదించెను. ఈ అభిప్రాయమును అందరును అంగీకరింపలేదు గాని, ఆలోచింపదగినదే.

గ్రోషియస్ వాదమునకు ఎదురువాదములు వెల్లువెత్తెను. స్కాట్లండుకు చెందిన వెల్వుడ్ 1613లోను, పోర్చుగీసువాడగు ఫ్రైటస్ 1625లోను, ఇంగ్లండు పండితుడగు సెల్డెన్ 1635లోను ఖండన గ్రంథములను ప్రకటించిరి. వీనికంటె ఇబ్బందికరమైనది 1613లో లండను నగరమున ఎదురైనది. సుగంధద్రవ్యముల దీవులలో డచ్చివారు ఆంగ్లేయులను కాలిడనీయకుండుటను గూర్చి సంప్రదింపులు జరిపిన రాయబారులలో గ్రోషియస్ ఒకడు. ఆంగ్లేయులు మారె లిబెరుమ్ లోని వాక్యములనే ఎత్తి డచ్చివారిని నిలదీసిరి. ఆ వాక్యములు వ్రాసినవాడే ఎదుట కూర్చుండి, సముద్రము అందరిదే యైనను, దీవుల ప్రజలు తమ సరకును తమకే అమ్మెదమని రక్షణకు ప్రతిగా ఒడంబడికలు చేసికొనిరనియు, ఒడంబడికను పాటింపవలసినదే యనియు వాదించెను. న్యాయశాస్త్రరీత్యా ఇందు పొరపాటు లేదని చెప్పవచ్చును. కాని ఆ ఒడంబడికలు ఎట్టి బలవంతము క్రింద వ్రాయబడినవో ఆలోచించినచో ఆయన యశస్సునకు ఈ ఘట్టము వన్నె తేలేదని ఒప్పుకొనక తప్పదు.

ఈలోగా ఆయన పదవులలో వేగముగా ఎదిగెను. 1607లో ప్రభుత్వ న్యాయవాదియయ్యెను. 1608లో జీలెండు రాష్ట్రమందలి వేర్ పట్టణవాసిని యగు మరియా వాన్ రైగర్స్‌బర్గ్‌ను వివాహమాడెను. 1613లో రోటర్‌డామ్ నగరసభకు న్యాయసలహాదారై, తద్ద్వారా రాష్ట్రసభలో స్థానము పొందెను. అచ్చటినుండియే కష్టములు ప్రారంభమయ్యెను.

ఆనాడు హాలెండు క్రైస్తవులలో ఒక తీవ్రవివాదము చెలరేగెను. ఎవరు తరింతురో, ఎవరు తరింపరో దేవుడు ముందే నిర్ణయించినాడనియు, మానవుని ప్రయత్నమునకు అందు తావులేదనియు గోమారస్ అను ఆచార్యుని పక్షము. దైవానుగ్రహమును స్వీకరించుటయో తిరస్కరించుటయో మానవునికే వదలబడినదని అర్మీనియస్ అను ఆచార్యుని పక్షము. లైడెన్ విద్యాలయమున ఇరువురు ఆచార్యుల నడుమ పుట్టిన చర్చ వీధులకెక్కి, దేవాలయములను చీల్చి, తుదకు రాష్ట్రసభకును సేనాపతియగు మారిస్ ప్రభువునకును అధికారపు పోరుగా పరిణమించెను. గ్రోషియస్ అర్మీనియస్ పక్షమువైపు మొగ్గినవాడే యైనను, ఇరుపక్షములు ఒకరినొకరు సహింపవలెనని రాష్ట్రసభ చేసిన తీర్మానమునకు ముసాయిదా వ్రాసినది ఆయనయే. సహనమును కోరిన తీర్మానమే ఆయనపై నేరారోపణకు కారణములలో ఒకటి యయ్యెను.

1618 ఆగస్టు 29న హేగ్ నగరమున వృద్ధుడగు ఓల్డెన్‌బార్నెవెల్ట్‌ను, గ్రోషియస్‌ను, లైడెన్ నగర న్యాయసలహాదారుడగు హోగర్‌బేట్స్‌ను బంధించిరి. విచారణకు 24 మంది న్యాయాధిపతులతో ఒక ప్రత్యేక సభను కూర్చిరి. హాలెండు పౌరులను హాలెండు న్యాయస్థానమే విచారింపవలెనన్న ఆక్షేపణను చెవినిడలేదు. నెలల తరబడి ఏకాంతమున నుంచి ప్రశ్నించిన ఆ దినములలో గ్రోషియస్ ధైర్యము సడలినదనియు, తన పూజ్యనాయకుని విషయమున నిలువవలసినంత దృఢముగా నిలువలేదనియు చరిత్రకారులలో కొందరు విమర్శింతురు. ఆ విమర్శ నిరాధారము కాదు. 1619 మే 13న, 71 ఏండ్ల ఓల్డెన్‌బార్నెవెల్ట్ శిరస్సును ఖండించిరి. అయిదు దినముల తరువాత గ్రోషియస్‌కు యావజ్జీవ కారాగారమును, ఆస్తి జప్తును విధించిరి. విచిత్రమేమనగా, తీర్పు చెప్పునాడు నేరమునకు పేరు పెట్టలేదు. ఏడాది గడచిన పిదప అది రాజద్రోహమని న్యాయాధిపతులు వేరుగా ప్రకటించిరి.

మాస్, వాల్ నదులు కలియుచోట లూవెస్టైన్ అను కోట కలదు. గ్రోషియస్‌ను అచ్చట ఉంచిరి. భార్య మరియా పిల్లలతోను, ఒక పనిపిల్లతోను కూడ వచ్చి ఆ చెరలోనే కాపురముండెను. ఆయనకు కావలసినవి గ్రంథములు. గోరిన్‌ఖెమ్ పట్టణమునందలి మిత్రుల ఇంటినుండి ఒక పెద్ద పెట్టెలో పుస్తకములు వచ్చును. చదివిన పుస్తకములు, మాసిన బట్టలు అదే పెట్టెలో తిరిగి పోవును.

ఆ చెరలో ఆయన వ్రాసిన గ్రంథములలో ఒకటి న్యాయవాదులకు నేటికిని ఉపకరించుచున్నది. హాలెండు న్యాయశాస్త్ర ప్రవేశిక అని దానిని పిలువవచ్చును. రోములో పుట్టిన పురాతన న్యాయసూత్రములను, హాలెండు గ్రామములలోను పట్టణములలోను వాడుకలోనున్న ఆచారములను కలిపి, వ్యక్తులు, వస్తువులు, బాధ్యతలు అను క్రమమున వివరించెను. అంతకుమించి, పండితభాషయగు లాటినును విడిచి, ప్రజలు మాటలాడు డచ్చి భాషలోనే వ్రాసెను. కుమారుల విద్యకు ఉపయోగపడునని తలపెట్టిన పుస్తకమట. లాటిను పదములకు డచ్చి పదములు లేనిచోట స్వయముగా కల్పించెను. 1631లో అచ్చుపడిన ఈ గ్రంథము హాలెండులో రెండు శతాబ్దములు ప్రమాణముగా నుండెను. డచ్చివారి వెంట ఓడలెక్కి సింహళమునకును, దక్షిణాఫ్రికాకును చేరెను. ఆ దేశముల న్యాయస్థానములలో రోమన్-డచ్చి న్యాయమునకు నేటికిని అది ఆధారగ్రంథములలో ఒకటి. యుద్ధశాంతుల గ్రంథమునకు కీర్తి ఎక్కువ. నిత్యవ్యవహారమున ఇంటిని, పొలమును, అప్పును గూర్చి ఎక్కువమందికి తీర్పు చెప్పినది ఈ చెరసాల పుస్తకమే. నావికులు దూరదేశములలో చదువుకొనుటకై క్రైస్తవ మతమును గూర్చి డచ్చి పద్యములలో వ్రాసిన గ్రంథము కూడ ఇచ్చటనే పుట్టెను.

దినములు గడచినకొలది కావలివారు ఆ పెట్టెను తెరచి చూచుట మానిరి. మరియా ఇది గమనించెను. మనిషి ముడుచుకొని పడుకొనుటకు మాత్రమే చాలు ఆ పెట్టెలో భర్తను పరుండబెట్టి, ఎంతసేపు కదలక ఉండగలడో దినదినము పరీక్షించుచు వచ్చెను. 1621 మార్చి 22న కోట అధికారి ఊరలేని సమయము చూచి, ఆయనను పెట్టెలో నుంచి తాళము వేయించెను. మోయవచ్చిన సిపాయిలు బరువెక్కువైనదని సణిగి, లోపల అర్మీనియస్ మతస్థుడెవడైన ఉన్నాడా యని హాస్యమాడిరట. అర్మీనియస్ పుస్తకములు బరువే కదా యని మరియా తొణకక బదులు చెప్పెను. ఎల్స్యె అను ఇరువదేండ్ల పనిపిల్ల ఆ పెట్టె వెంట పడవనెక్కి, నది దాటి, గోరిన్‌ఖెమ్ మిత్రుల ఇల్లు చేరువరకు దానిని కనిపెట్టుకొని యుండెను. ఒక్కమాట తడబడినచో ఆ పిల్ల బ్రతుకేమగునో ఊహించుకొనవచ్చును. పెట్టెనుండి వెలువడిన గ్రోషియస్ తాపీపనివాని దుస్తులు ధరించి, కొలకర్ర చేతబట్టి, సరిహద్దు దాటి ఆంట్‌వర్ప్ చేరెను. అచ్చటినుండి పారిస్ నగరమునకు పోయెను.

కోటలో మరియా భర్త వస్త్రములను మంచము చెంత నుంచి, ఆయన గదిలోనే యున్నట్లు కొంతసేపు కావలివారిని నమ్మించి, పిదప జరిగినది తానే తెలియజేసెను. ఆమెను కొన్నాళ్లు నిర్బంధించి విడిచిపెట్టిరి. ఎల్స్యె తరువాత గ్రోషియస్ సేవకుని వివాహమాడెననియు, చెరలో యజమాని యొద్ద న్యాయశాస్త్రము నేర్చిన ఆ సేవకుడు న్యాయవాది యయ్యెననియు చెప్పుదురు. ధర్మశాస్త్రములన్నియు చదివిన మహావిద్వాంసుని విడిపించినది ఒక గృహిణి యుక్తియు, ఒక పనిపిల్ల నిబ్బరమును.

ఫ్రాన్సు రాజగు 13వ లూయీ ఆయనకు ఏడాదికి 3,000 లీవ్రుల భరణము నిర్ణయించెను గాని అది సకాలమున అందుట అరుదు. 1622లో గ్రోషియస్ తన వ్యాజ్యమును సమర్థించుకొనుచు ఒక గ్రంథము ప్రకటింపగా స్వదేశపు మహాసభ దానిని నిషేధించెను. 1623 వేసవిలో ఒక మిత్రుని పల్లెయింట కూర్చుండి ఆయన ప్రారంభించిన మహాగ్రంథము 1625లో పారిస్ నగరమున వెలువడెను. దాని పేరు యుద్ధశాంతి ధర్మము. అప్పటికి ఏడేండ్లుగా జర్మనీదేశము మతయుద్ధముతో దగ్ధమగుచుండెను. స్వల్పకారణములకు, ఒక్కొకప్పుడు కారణమే లేకుండ, రాజులు ఆయుధములు పట్టుచుండిరి. పట్టిన పిదప దేనికిని హద్దు లేకుండెను. అది చూచి ఈ గ్రంథమునకు పూనుకొన్నట్లు ఆయనయే పీఠికలో తెలిపెను.

గ్రంథమున మూడు భాగములు. యుద్ధము ధర్మబద్ధము కాగలదా యను విచారము మొదటి భాగము. ఏ కారణములకు యుద్ధము చేయవచ్చునో రెండవ భాగము తెలుపును. ఆత్మరక్షణ, హరింపబడిన దానిని తిరిగి రాబట్టుకొనుట, అపరాధమునకు దండన - ఇవియే అంగీకార్యములు. పొరుగువాడు బలపడుచున్నాడను భయము గాని, మంచి భూమిపై ఆశ గాని కారణములు కావు. మూడవ భాగమున ఆయన ఒక విచిత్ర పద్ధతి నవలంబించెను. గెలిచినవాడు ఏమి చేసినను శిక్షింపబడని ఆనాటి ఆచారమును మొదట ఉన్నదున్నట్లు వర్ణించెను. చదువరి హృదయము చెదరునంతలో వెనుకకు మరలి, శిక్ష లేనంత మాత్రమున అది ధర్మము కాదని, అనుమతించిన వానినన్నిటిని ఒక్కటొక్కటిగా ఉపసంహరించెను. స్త్రీలను, శిశువులను, వృద్ధులను, సేద్యగాండ్రను, వర్తకులను, లొంగిపోయినవారిని చంపరాదు. ఫలవృక్షములను నరుకరాదు. శత్రువునకిచ్చిన మాటయైనను నిలుపుకొనవలెను. మాటయే పోయినచో యుద్ధమును ముగించు దారియే మిగులదు.

ఈ ధర్మములకు ఆధారమేమి? కాథలిక్కులు ఒప్పిన ప్రమాణమును ప్రొటెస్టంట్లు ఒప్పని కాలమది. మానవుడు సంఘజీవి యనియు, వివేకవంతుడనియు, ఆ స్వభావమునుండియే ఈ ధర్మములు పుట్టినవనియు గ్రోషియస్ సిద్ధాంతము. దేవుడు లేడని ఒక వాదమునకు అంగీకరించినను, అట్లు అంగీకరించుట మహాపాపమని వెంటనే హెచ్చరించుచునే, ఈ ధర్మములు కొంతవరకు నిలిచియే యుండునని వ్రాసెను. పరమ భక్తుడగు ఆయన ఇట్లనుట కొందరకు వింతగా తోచవచ్చును. మతము పేర ఒకరినొకరు చంపుకొను ఇరువర్గములును కూర్చుండదగిన ఒక అరుగు ఆయనకు కావలసివచ్చినది. రోములోని మతాధికారులు 1627లో ఈ గ్రంథమును నిషిద్ధ గ్రంథముల పట్టికలో చేర్చిరి.

లోపములు లేవని కాదు. యుద్ధమున పట్టుబడినవారిని బానిసలుగా చేయు ఆచారమును ఆయన దేశముల న్యాయమని అంగీకరించెను. దండించుటకు యుద్ధము చేయవచ్చునను సూత్రము తరువాతి కాలమున వలసరాజ్యములు స్థాపించినవారికి సాకుగా ఉపకరించెను. తిరుగుబాటుచే పుట్టిన దేశమున జన్మించియు, రాజుపై తిరుగబడు హక్కు ప్రజలకు దాదాపు లేదనుట మరియొక వింత.

1631లో, మారిస్ ప్రభువు గతించి ఆరేండ్లు కాగా, పరిస్థితులు మారినవని తలచి గ్రోషియస్ రోటర్‌డామ్ చేరెను. క్షమాభిక్ష కోరుచు ఒక విన్నపము వ్రాసికొన్నచో కార్యము చక్కబడునని మిత్రులు చెప్పిరి. చేయని నేరమునకు క్షమ కోరుట నేరమును ఒప్పుకొనుటయే యని ఆయన నిరాకరించెను. విచారణ దినములలో సడలిన ధైర్యము ఈమారు సడలలేదు. మహాసభ ఆయనను పట్టియిచ్చినవారికి 2,000 గిల్డర్ల బహుమానము ప్రకటింపగా, 1632 ఏప్రిల్‌లో మరల ప్రవాసియై హాంబర్గు నగరమునకు పోయెను.

స్వీడను దేశపు మంత్రియగు ఆక్సెన్‌స్టియెర్నా ఆయనను చేరదీసి, 1635లో పారిస్ నగరమునకు స్వీడను రాయబారిగా పంపెను. ఏ రాజు భరణముపై బ్రతికెనో ఆ రాజు కొలువునకే మరియొక దేశపు ప్రతినిధియై వచ్చుట! ఫ్రెంచి మంత్రియగు రిషెల్యూతో పొసగలేదు. పదేండ్ల ఈ రాయబారము ఆయనకు కీర్తి తెచ్చినది కాదు; సంధిధర్మములను వ్రాసిన చేయి సంధులు కుదుర్చుటలో అంత నేర్పరి కాలేకపోయెను. తీరిక చిక్కినప్పుడెల్ల బైబిలునకు వ్యాఖ్యలును, రోమను న్యాయసంహితకు టిప్పణియు వ్రాయుచు, చీలిపోయిన క్రైస్తవ శాఖలు ఏకము కావలెనని కలలు కనుచుండెను. ఆ ప్రయత్నమునకు ఇరుపక్షములవారు అనుమానించుటయే ఫలము.

1645లో స్వీడను కొలువు ఆయనను పిలిపించుకొనెను. క్రిస్టీనా రాణి గౌరవించి ఉండుమన్నను ఉండక, ఆగస్టులో ఓడనెక్కెను. తుపానులో చిక్కిన ఆ ఓడ పొమెరేనియా తీరమునకు కొట్టుకొనిపోయెను. జబ్బుపడిన గ్రోషియస్ వానలో బండిపై ప్రయాణించి రోస్టాక్ పట్టణమును చేరి, ఆగస్టు 28న, 62వ యేట, పరదేశమున కన్నుమూసెను. సముద్రము ఎవరి వశము కాదని చాటినవాని తుది సముద్రయానము అట్టిది. బ్రతికియుండగా రానీయని స్వదేశము మృతదేహమును అంగీకరించెను. డెల్ఫ్ట్ నగరపు కొత్త దేవాలయమున, తన శైశవమున హతుడైన విలియం ప్రభువు సమాధి ఉన్నచోటనే, ఆయనను ఖననము చేసిరి. మూడేండ్లకు, 1648లో, వెస్ట్‌ఫేలియా సంధులతో ముప్పదేండ్ల యుద్ధము ముగిసెను. మరియా 1653లో మరణించెను. కుమారుడు పీటర్ 1670లో, తండ్రి కోల్పోయిన రోటర్‌డామ్ న్యాయసలహాదారు పదవియందే కూర్చుండెను.

యౌవనమున వ్రాసిన పెద్ద వ్యాఖ్యానగ్రంథము సంగతి లోకము మరచియుండగా, 1864లో హేగ్ నగరమున ఒక వేలమునందు ఆయన స్వహస్తలిఖిత ప్రతి బయటపడెను. లైడెన్ విశ్వవిద్యాలయము దానిని కొని భద్రపరచెను, 1868లో అచ్చువేసిరి. మారె లిబెరుమ్ అందలి ఒక ప్రకరణమేనని పండితులకు అప్పుడుగాని తెలియరాలేదు. 1886లో డెల్ఫ్ట్ అంగడివీధిలో ఆయన విగ్రహమును నిలిపిరి. 1899లో హేగ్ శాంతిసభకు వచ్చిన అమెరికా ప్రతినిధులు జూలై 4న ఆయన సమాధిపై వెండి పుష్పమాలను ఉంచిరి. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్రన్యాయ ఒడంబడిక తీరమునకు 12 నాటికల్ మైళ్లవరకు ఆ దేశపు జలములుగా నిర్ణయించి, దూరసముద్రము అన్ని రాజ్యములకు తెరచియున్నదని ప్రకటించెను. గ్రోషియస్ వాదమును, సెల్డెన్ ఎదురువాదమును చెరికొంత గెలిచినట్లయ్యెను.

ఆయనను దాచి తెచ్చిన పెట్టె ఇదియే యని ఆమ్‌స్టర్‌డామ్ నగరపు రైక్స్ మ్యూజియమున ఒక పెట్టెను చూపుదురు. డెల్ఫ్ట్ నగరపు ప్రదర్శనశాలయందును ఒక పెట్టె కలదు. అసలైనది తమదే యని వారును అందురు.